ఆటు వేళ ఇసుకను చదవడం: తిరుపతి నుంచి సముద్రతీర నడకకు వెళ్లేవాళ్ల కోసం

తిరుపతి నుంచి సముద్రానికి పోవాలంటే చాలామంది ముందు ఆదివారం చూస్తారు, తర్వాత బండి చూస్తారు. స్నానానికైతే అది చాలు. తీరంలో బతికే జీవులను చూడాలంటే మాత్రం ముందు పంచాంగం తెరిచి తిథి చూడాలి. పోటు మీదున్నప్పుడు, అంటే నీళ్లు ఎక్కినప్పుడు, వెళితే అలలు తప్ప ఏమీ కనపడవు. అదే ఒడ్డున, అదే మనుషులకు, నీళ్లు దిగే ఆటు వేళ గంటన్నరలో ముప్పై రకాల జీవుల ఆనవాళ్లు కనిపిస్తాయి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. వాకాడు వైపు తూపిలిపాలెం బీచ్, స్వర్ణముఖి సముద్రంలో కలిసే సిద్దవరం ప్రాంతం, సూళ్లూరుపేట, తడ వైపు పులికాట్ సరస్సు అప్పుడు మన జిల్లాలోకి వచ్చాయి. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు వైపు వెళ్లడానికి రెండున్నర, మూడు గంటలు వేసుకోవాలి. అంత దూరం పోయి పోటు మీద దిగితే రోజంతా వృథా. కాబట్టి ముందు నీళ్ల లెక్క.

తిథి, గంట, ఎత్తు

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. చంద్రుడు మళ్లీ అదే చోటికి రావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది కాబట్టి ఆటు వేళ రోజురోజుకూ సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల లాగుడు ఒకే వరుసలోకి వస్తుంది. అప్పుడు పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. సముద్రం ఆ లాగుడుకు కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి అసలు పెద్ద ఆట్లు పాడ్యమి, విదియల్లో వస్తాయి. అష్టమి, నవమి రోజుల్లో నీళ్లు పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు.

చాలామంది మోసపోయేది ఇక్కడే. చెన్నై నుంచి మన తీరం దాకా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటు సుమారుగా మధ్యాహ్నం రెండు ప్రాంతంలోనూ, తెల్లవారుజామున రెండు ప్రాంతంలోనూ వస్తుంది. అష్టమి నాటికి అది జరిగి జరిగి ఉదయం ఎనిమిది దగ్గరికి చేరుతుంది. ఆటుపోట్ల పట్టికలో ‘ఆటు: ఉదయం 8’ అని కనపడగానే బడి పిల్లలకు సరిగ్గా సరిపోయిందని బస్సు మాట్లాడేస్తారు. వెళ్లి చూస్తే నీళ్లు పెద్దగా వెనక్కి పోయి ఉండవు. గంట ఒక్కటే చూసి రోజు ఖాయం చేయకూడదు, పక్కనున్న నీటి ఎత్తు కూడా చూడాలి. చెన్నై పట్టికలో 0.2 మీటర్లు, అంతకంటే తక్కువ ఉన్న ఆటు నడకకు మంచిది. 0.4 దాటితే ఆ రోజు వదిలేసి పులికాట్‌లో పక్షులు చూడటం మేలు.

మరి మధ్యాహ్నం రెండు గంటల ఎండలో నడవగలమా? పెద్దవాళ్లు తట్టుకోలేరు, పిల్లలను అసలు తీసుకెళ్లకూడదు. పైగా ఆ వేడికి ఎండ్రకాయలు కూడా బొరియల్లోంచి బయటకు రావు. అందుకే అమావాస్య, పౌర్ణమి దాటాక చవితి, పంచమి రోజులు మనకు బాగా కుదురుతాయి. తెల్లవారుజాము ఆటు ఐదున్నర, ఆరు దగ్గరికి జరిగి ఉంటుంది, నీళ్లు ఇంకా బాగానే దిగుతుంటాయి. ముందురోజు రాత్రి వాకాడులోనో, గూడూరులోనో, నాయుడుపేటలోనో ఉండాలి. నాలుగున్నరకల్లా ఇసుక మీద ఉంటే వెలుగు వచ్చేలోపు ఎర్ర ఎండ్రకాయలు, వెలుగు వచ్చాక మిగతావి చూడొచ్చు.

సరైన సమయాలకు సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పట్టికలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆటుపోట్ల అంచనాతో పాటు అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు కూడా ఇస్తుంది. పట్టిక లెక్క చంద్రుడిది, సూర్యుడిది. గాలి, అలలు అందులో ఉండవు. తూర్పు నుంచి గట్టిగా గాలి వీస్తుంటే పట్టిక 0.1 అని చెప్పినా నీళ్లు దిగినట్టు కనపడవు. అందుకని ముందురోజు సాయంత్రం అలల సూచన తప్పకుండా చూసుకోవాలి.

ఇంకొకటి, తెలిసినవాళ్లు కూడా పట్టించుకోనిది. బంగాళాఖాతం నీటిమట్టం ఏడాది పొడవునా ఒక్కలాగా ఉండదు. మన తీరంలో అది మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో బాగా తక్కువగా, అక్టోబర్, నవంబర్‌లలో బాగా ఎక్కువగా ఉంటుంది. తేడా దాదాపు అడుగు. మన దగ్గర పెద్ద ఆటుపోటు తేడాయే మీటరు అటూ ఇటూ కాబట్టి ఆ అడుగు చాలా పెద్దది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే చవితి, పంచమి ఉదయాలు ఏడాదిలోకెల్లా ఉత్తమం. ఈశాన్య రుతుపవనాల వేళ, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ నడుమ, వాయుగుండాలు, ఎక్కువ నీటిమట్టం, స్వర్ణముఖి వరద అన్నీ కలిసొస్తాయి. అప్పుడు నడక పెట్టకపోవడమే మంచిది.

ఇసుక తీరమే, అయితే ఏం

ముంబైలో పెద్ద ఆటుపోటు తేడా నాలుగు మీటర్లు దాటుతుంది, రాతినేల బయటపడుతుంది. అక్కడ 2017 నుంచి ‘మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబై’ బృందం నడకలు పెడుతోంది. విశాఖలో తెన్నేటి పార్కు, భీమిలి వైపు రాళ్లలో గుంటలు ఉన్నాయి, ఆ గుంటల్లో పువ్వుల్లా కనిపించే సీ ఎనిమోన్లు, రాళ్లను అంటిపెట్టుకునే నత్తలు ఉంటాయి. ఆ ఫొటోలు చూసి తూపిలిపాలెం వచ్చినవాళ్లు ‘ఇక్కడ ఇసుక తప్ప ఏముంది’ అని పెదవి విరుస్తారు. తప్పు మాట. రాతి మీద జీవి బయట కూర్చుంటుంది. ఇసుకలో జీవి లోపల ఉంటుంది, బయట గుర్తు మాత్రమే ఉంటుంది. ఆ గుర్తు చూసి లోపల ఎవరున్నారో చెప్పగల గైడ్ ఉంటే ఇసుక తీరం రాతి తీరానికి ఏమీ తీసిపోదు.

మన నేల లెక్క కూడా చూడండి. ఒడ్డు వాలు పదిహేను అడుగులకు ఒక అడుగు ఉందనుకుంటే, మీటరు దిగిన ఆటుకు బయటపడే పట్టీ వెడల్పు పదిహేను మీటర్లు. ఇంత సన్నని పట్టీలో ముప్పైమంది గుంపుగా నడిస్తే మొదటి ఐదుగురికి తప్ప ఎవరికీ ఏమీ కనపడదు, అంతా తొక్కుడు పడిపోతుంది. ఒక గైడ్‌కు పది పన్నెండు మందికి మించకూడదనడానికి కారణం ఇదే.

పై నుంచి కిందికి

నడక ఎప్పుడూ సరుగుడు తోటల వైపు నుంచి మొదలుపెట్టి నీళ్ల వైపు దిగాలి. నీళ్లు దిగుతుంటే మనమూ వాటి వెనకే దిగుతాం. ఆటు వేళకు గంటన్నర ముందు మొదలుపెట్టాలి, ఆటు దాటిన అరగంటకల్లా తిరుగు ముఖం పట్టాలి.

పైన ఎండు ఇసుకలో, బాలబంద తీగల దగ్గర పెద్ద బొరియలు కనిపిస్తాయి. అవి ఎర్ర ఎండ్రకాయలవి. ఆసిపోడ్ జాతి. ఒక్కో బొరియ మీటరు లోతు దాకా పోతుంది, ఎందుకంటే వీటి మొప్పలు తడిగా ఉంటేనే ఊపిరి ఆడుతుంది, కింద తేమ తగిలేదాకా తవ్వాల్సిందే. పెద్దవి పైన, పిల్లలు నీళ్లకు దగ్గరగా ఉంటాయి. మీ అడుగుల అదురు తెలిసి లోపలికి దూరతాయి కాబట్టి వెంటపడితే ఒక్కటీ కనపడదు. బొరియకు నాలుగైదు మీటర్ల దూరంలో కూర్చుని ఐదు నిమిషాలు కదలకుండా ఉండండి. ముందు కళ్ల కాడలు, తర్వాత ఒక గోరు, ఆ తర్వాత మొత్తం ఎండ్రకాయ బయటికొస్తుంది. టార్చికి ఎర్ర సెలోఫేన్ కాగితం చుట్టుకుంటే చీకట్లో ఇవి అంతగా బెదరవు. బొరియలో కర్ర పెట్టి తవ్వడం పిల్లలకు సరదా. గైడ్ దాన్ని మొదటి నిమిషంలోనే ఆపాలి. బీచ్ మీద బండ్లు నడిపితే ఈ బొరియలు కూలిపోతాయి, బండి ఇసుక మీదికి దించకపోవడం నడక నియమాల్లో మొదటిదిగా పెట్టుకోవాలి.

కాస్త కిందికి వస్తే పోటు వదిలివెళ్లిన చెత్త గీత ఉంటుంది. చాలామంది దాటేసి పోతారు గానీ అరగంట అక్కడే గడపొచ్చు. తెల్లగా, తేలికగా, పడవ ఆకారంలో దొరికేది, పేరుకే చేప అయిన, ఆక్టోపస్‌కు చుట్టమైన కటిల్ చేప లోపలి ఎముక. నాటు మందుల అంగళ్లలో సముద్రపు నురుగు అని అమ్మేది అదే. దాని లోపల సన్నని గదులుంటాయి, వాటిలో గాలి, ద్రవం పాళ్లు మార్చుకుంటూ అది తేలుతుంది, మునుగుతుంది. కొట్టుకొచ్చిన కొయ్య మీద, ప్లాస్టిక్ సీసా మీద కాడలతో వేలాడే గవ్వల్లాంటివి గూస్ బార్నకిల్స్, ఇవి గవ్వలు కావు, రొయ్యకూ ఎండ్రకాయకూ చుట్టాలు. ప్లాస్టిక్ అట్ట ముక్కలా, గుండ్రంగా కాలర్ ఆకారంలో ఇసుకతో చేసినట్టున్నది దొరికితే చెత్త అనుకుని విరగ్గొట్టకండి. చంద్రనత్త తన గుడ్లను జిగురుతో, ఇసుకతో కలిపి కట్టిన పట్టీ అది. చూసి, ఉన్నచోటే వదిలేయాలి.

ఆ చంద్రనత్త చేసే పని మరో చోట బయటపడుతుంది. ఖాళీ చిప్పలు ఓ ఇరవై ఏరి చూడండి. కొన్నింటికి, సాధారణంగా రెండు చిప్పలు కలిసే కొన దగ్గర, గుండ్రని చిన్న రంధ్రం ఉంటుంది. పైన వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా. అలల రాపిడికి అంత నీటుగా రంధ్రం పడదు. నత్త తన పాదంతో చిప్పను చుట్టి, ఆమ్లం పూసి, గరుకు నాలుకతో గంటల తరబడి అరగదీసి లోపలి మాంసం తిన్న గుర్తు అది. పిల్లలకు ఒక్క చిప్ప చేతిలో పెట్టి ‘దీన్ని ఎవరు చంపారు’ అని అడిగితే మిగతా నడకంతా వాళ్లే వెతుకుతారు.

చిప్పలు సంచి నింపుకుని పోవడం మానాలి. సన్యాసి పీతకు సొంత గుల్ల ఉండదు, పెరిగేకొద్దీ పెద్ద ఖాళీ శంఖం కావాలి. దొరక్కపోతే అది పగిలిన గుల్లలో, సీసా మూతల్లో దూరుతుంది. ఒకటి రెండు విరిగిన చిప్పలు చాలు, శంఖాలు ఒడ్డునే ఉండనివ్వాలి.

ఇక అసలు రద్దీ అలలు ఎక్కి దిగే చోట. అల వెనక్కి జారుతున్నప్పుడు తడి ఇసుక మీద వరుసగా చిన్న చిన్న V ఆకారపు గీతలు కనిపిస్తాయి. ప్రతి V కింద ఒక ఎమెరిటా ఉంటుంది, ఇసుకలో వెనక్కి తవ్వుకుంటూ దూరే గుడ్డు ఆకారపు జీవి. అది ముఖం సముద్రం వైపు పెట్టి కూర్చుని, వెనక్కి పోయే నీళ్లలోకి ఈకల్లాంటి మీసాలు చాచి, కొట్టుకుపోయే సూక్ష్మజీవులను పట్టుకుని తింటుంది. చూడాలంటే గీత వెనక నుంచి రెండు చేతులూ లోతుగా దూర్చి ఇసుకతో సహా ఎత్తి, సముద్రపు నీళ్లున్న తెల్ల ప్లేటులో వేయాలి. ఆడదాని కడుపు కింద నారింజ రంగు గుడ్లు కనిపించొచ్చు. రెండు నిమిషాలు చాలు, మళ్లీ తీసిన చోటే తడి ఇసుక మీద పెట్టండి. నాలుగు సెకన్లలో కనుమరుగవుతుంది.

దాని పక్కనే గోరంత, త్రికోణంగా, ఊదా, పసుపు, తెలుపు చారలతో ఉండే డోనాక్స్ చిప్పలు. అల రాగానే ఇవి ఇసుకలోంచి పైకొచ్చి, అలతో పాటు కొంత దూరం కొట్టుకుపోయి, అల తగ్గగానే పాదం దించి మళ్లీ దిగిపోతాయి. పోటు ఎక్కేకొద్దీ ఇలా పైకి, దిగేకొద్దీ కిందికి మారుతుంటాయి. అందుకే ఒక చోట తెల్లవారుజామున గుంపుగా ఉన్నవి ఎనిమిదింటికి అక్కడ ఉండవు.

ఇంకా కింద, ఆటు గీత దగ్గర, ఇసుకలోంచి పైకి పొడుచుకొచ్చిన సన్నని గొట్టాలు, వాటికి చిప్ప ముక్కలు, ఆకు ముక్కలు అతికించి ఉంటే అది డయోపాట్రా పురుగు ఇల్లు. లాగితే ఇల్లు పాడవుతుంది, పురుగు లోపలికి జారుకుంటుంది. మెలికలు తిరిగిన గాడి ఇసుక మీద పోయి పోయి చిన్న గుబ్బ దగ్గర ఆగితే, ఆ గుబ్బ కింద ఆలివ్ నత్త ఉంటుంది.

నదీముఖం, పులికాట్

స్వర్ణముఖి నదీముఖం దగ్గర అలలు తగిలే ఇసుకకు భిన్నంగా, లోపలి వైపు ప్రశాంతమైన ఇసుక, బురద ఉంటాయి. అక్కడ ఆవగింజ నుంచి మిరియం గింజ అంత ఇసుక ఉండలు వేలకొద్దీ, బొరియ చుట్టూ కిరణాల్లా పరిచి ఉంటాయి. చిన్న ఎండ్రకాయలు ఇసుకను నోట్లో పెట్టుకుని, అందులోని ఆహారం తీసుకుని, మిగిలినది ఉండచేసి పక్కన పెడతాయి. ఒకసారి వాడిన ఇసుకను మళ్లీ వాడకుండా ఉండటానికి ఇదో ఏర్పాటు. బురద ఎక్కువైన చోట మగ ఫిడ్లర్ పీత ఒక్క పెద్ద గోరును ఊపుతూ కనపడుతుంది. ఆ బురద కొంచెం తవ్వితే నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో ఉంటుంది. కాలుష్యం అనుకుని కంగారుపడక్కర్లేదు. గాలి అందని బురదలో బ్యాక్టీరియా చేసే సల్ఫైడ్ అది.

ఈ ముఖద్వారమే మన తీరంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు కూడా. ఆటు మీద నది నీళ్లు, వెనక్కి పోయే సముద్రం నీళ్లు కలిసి ఇరుకు దారిలో బయటికి తోసుకుపోతాయి, మోకాలి లోతులో కూడా మనిషి నిలబడలేడు. పోటు మొదలయ్యాక ఇంకో చిక్కు. మీరు నిలబడ్డ ఇసుక దిబ్బ ముందు ఎండుగానే ఉంటుంది గానీ, దిబ్బకూ ఒడ్డుకూ నడుమ పల్లంలో నీళ్లు ముందు నిండుతాయి. వెనక్కి తిరిగి చూసేసరికి దారి ఉండదు. కాబట్టి దిబ్బల మీదికి గుంపును తీసుకెళ్లకూడదు, ముఖాన్ని నడిచి దాటకూడదు.

పులికాట్ లోపల ఆటుపోటు ప్రభావం సముద్రంతో కలిసే ముఖాల దగ్గరే బాగా తెలుస్తుంది. లోపల నీళ్లు ఎక్కడం దిగడం ఎక్కువగా గాలి, వాన, ఆవిరి మీద ఆధారపడతాయి. కాబట్టి అక్కడ ఆటు పట్టిక పట్టుకుని పోవద్దు. చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పోయే రోడ్డు పక్కన, నీళ్లు పలచబడ్డ చోట రాజహంసలు (ఫ్లెమింగోలు) ముక్కు తలకిందులుగా పెట్టి మేస్తుంటాయి. రోడ్డు మీదే ఉండి చూడండి. బురదలోకి దిగితే పక్షులూ లేస్తాయి, మీ కాళ్లూ దిగబడతాయి. ఇస్రో రాకెట్ కేంద్రం షార్ గేటు దగ్గర కెమెరా లోపల పెట్టుకోవాలి.

గైడ్ చేయాల్సిన పనులు

ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివినవాళ్లు, ఎస్వీ యూనివర్సిటీ జువాలజీ విద్యార్థులు జీవుల పేర్లు చెప్పగలరు. ఆ ఒడ్డున వేటకు పోయే మనిషి ఒకరిని కూలి ఇచ్చి తప్పకుండా వెంట ఉంచుకోవాలి. ఏ చోట ఇసుక కిందికి లాగుతుందో, నిన్నటి కన్నా ఇవాళ ఏటి ముఖం ఎటు జరిగిందో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆయన్ను ‘అన్నా’ అని పిలిచి, ముందు ఆయన మాట వినాలి.

ముందు ఒక గైడ్, చివర ఒకరు, చేతిలో విజిల్. దిగగానే నీళ్ల అంచు దగ్గర ఒక కర్ర పాతి, పావుగంటకోసారి చూడాలి. నీళ్లు దిగి, ఆగి, మళ్లీ కర్ర వైపు రావడం మొదలైతే విజిల్ ఊది పైకి కదలాలి. ఆటు వేళ కాకపోయినా నీళ్లు ఉన్నట్టుండి బాగా వెనక్కి పోతే, నేల బయటపడిందని చూడ్డానికి దిగడం కాదు, ఎత్తుకు పరుగెత్తాలి. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ మన తీరానికి కూడా వచ్చింది.

వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. హవాయి చెప్పులు తడి ఇసుకలో ఊడిపోతాయి, బూట్లు ఇసుకతో నిండుతాయి. తలకు టోపీ, మనిషికి కనీసం లీటరు నీళ్లు, పదిరెట్లు పెద్దదిగా చూపే చిన్న లెన్సు, ఇద్దరికొక తెల్ల ప్లేటు. సన్‌స్క్రీన్, దోమల మందు రాసుకున్న చేతులతో జీవులను ముట్టుకోకూడదు, ముందు సముద్రపు నీళ్లతో, ఇసుకతో రుద్ది కడగాలి.

ముట్టుకోకూడనివి

నీలంగా, గాలి నిండిన చిన్న సంచిలా ఒడ్డున పడి ఉండేది ఫైసేలియా. దాని పొడవాటి దారాలు చచ్చాక కూడా కుడతాయి. కుడితే రుద్దకూడదు, చల్లటి మంచినీళ్లు పోయకూడదు. దారాలను పట్టకారుతో తీసి, సముద్రపు నీళ్లతో కడిగి, ఆపైన కాలకుండా తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, ఇరవై నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. అందుకే ఫ్లాస్కులో వేడినీళ్లు ఉండాలి. ఊపిరి ఆడకపోయినా, వాపు వేగంగా పెరిగినా 108.

వలల్లోంచి పారేసిన జెల్ల చేపల ముళ్లు ఇసుకలో నిలబడి ఉంటాయి, చెప్పు దాటి దిగుతాయి. నీళ్లలో నడిచేటప్పుడు కాలు ఎత్తకుండా ఈడుస్తూ నడిస్తే ఇసుకలో పడుకున్న, తోకకు ముల్లుండే టేకు చేప ముందే కదిలిపోతుంది. తోక తెడ్డులా చదునుగా ఉన్న పాము ఒడ్డున కనపడితే అది సముద్రపు పాము, చచ్చినట్టున్నా దగ్గరికి పోకూడదు. మన ఆసుపత్రుల్లో ఉండే పాముకాటు మందు నాగు, కట్లపాము, రెండు రకాల పింజర్లకు తయారైనది, సముద్రపు పాము కోసం కాదు. కాటు పడితే కాలు కదలకుండా బద్ద పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. శంకువు ఆకారంలో, అందమైన మచ్చలతో ఉండే కోన్ నత్తను ఏ వైపు నుంచీ చేత్తో ఎత్తకూడదు.

తాబేళ్లు కనపడితే

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రి ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో వంద దాటి ఉంటాయి. తెల్లవారుజామున నీళ్ల నుంచి పైకి పోయి, మళ్లీ నీళ్లలోకి దిగిన జాడ కనపడితే దాన్ని తొక్కకుండా పక్క నుంచి ఫొటో తీయండి. ఆ నెలల్లోనే చచ్చిన తాబేళ్లు కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి, చాలావరకు ట్రాల్ వలల్లో ఇరుక్కుని ఊపిరాడక పోయినవి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం మొదలయ్యేసరికి గుడ్లు పెట్టే కాలం ముగింపుకొస్తుంది. చచ్చినదాన్ని కూడా ముట్టుకోకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, చోటు, సమయం రాసుకోవాలి.

మిగతా జీవుల ఫొటోలు పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పక్కన రూపాయి బిళ్లతో తీసి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్లు పేరు సరిచూస్తారు. మన తీరం నుంచి ఎన్ని ఫొటోలు చేరితే తర్వాత నడిచేవాళ్లకు అంత మేలు. తాబేలు గూటి చోటు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు, గుడ్లు తవ్వుకుపోయేవాళ్లు ఉన్నారు. ఆ లొకేషన్ అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి, వాళ్లు వచ్చి గుడ్లను హేచరీకి మార్చేదాకా ఇద్దరు మనుషులు కాస్త దూరంగా కాపలా ఉండాలి.